పాత ఆడియో సరుకు: చెప్పే ధర వేరు, పడే ధర వేరు

ఖరీదైన యాంప్లిఫయరు గాని, స్పీకర్ల జత గాని షోరూము గడప దాటగానే పాత సరుకు కింద జమ అవుతుంది. మొదటి తరుగంతా మొదట కొన్నవాడి ఖాతాలోనే పడుతుంది. సెకండ్ హ్యాండులో కొనేవాడి లాభం అదే. అయితే యార్డులో మిర్చి కొనేవాడు మచ్చు విప్పి తేమ, తాలు చూసినట్లు ఇక్కడ చూసేవారు తక్కువ. పేరు చూసి బేరం కుదుర్చుకుని, ఆనక బాగుచేతకు అంతకంత పెట్టినవారు మన వర్తకులలోనూ ఉన్నారు.

ముందుగా ధర నిలిచిన సరుకు ఒకటి చూద్దాం. జపాన్‌కు చెందిన మత్సుషిత కంపెనీ టెక్నిక్స్ పేరుతో ఎస్.ఎల్. 1200 టర్న్‌టేబుల్‌ను 1972లో విడుదల చేసింది. 1979లో వచ్చిన మార్క్ 2 రకం క్లబ్బులలో రికార్డులు వేసేవారి చేతుల్లో పడి పేరు తెచ్చుకుంది. 2010లో తయారీ ఆపివేశారు. 2016లో తిరిగి మొదలుపెట్టినప్పుడు పరిమితంగా తీసిన 1,200 యంత్రాలకు ఒక్కొక్కటి సుమారు 4,000 డాలర్లు ధర కట్టారు. కొత్త సరుకు ఆ స్థాయిలో పలికితే పాతది మెత్తబడడానికి కారణం కనబడదు. కాని 2019లో వచ్చిన మార్క్ 7 అంతకంటే చాలా చవక. పాత మార్క్ 2కు ఎవరైనా ఆకాశమంత ధర చెబితే పోల్చవలసింది దీనితో. ఈ యంత్రంలో బెల్టు లేదు, మోటారే పళ్లెాన్ని నేరుగా తిప్పుతుంది. అరిగేవి తక్కువ.

అన్ని సరుకులూ ఇలా ఉండవు. యాంప్లిఫయరులో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఇరవై, ముప్పై ఏళ్లకు ఎండిపోతాయి. పాట ఆగినా స్పీకరులో రొద వినిపించడం ఒక గుర్తు. మార్చడం పెద్ద పని కాదు గాని, ఆ ఖర్చును బేరంలోనే కోత పెట్టుకోవాలి. స్పీకరు కోను చుట్టూ ఫోము అంచు ఉంటే అది కాలక్రమేణా పొడిగా రాలిపోతుంది. వేలితో మెల్లగా తాకితే తెలుస్తుంది. రబ్బరు అంచు అంతకంటే మన్నుతుంది. సి.డి. ప్లేయరులో లేజరు భాగం పోయి, ఆ రకం తయారీ కూడా ఆగిపోతే ఎంత చవకైనా అది ఇనుము కిందే లెక్క.

విదేశీ సరుకులో మరొక చిక్కు ఉంది. అమెరికా కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మరు సరిచేస్తుంది, హెర్ట్జ్‌ను మార్చలేదు. ఈ సంగతి ఎరుగక ఈ విలేఖరి అమెరికా నుంచి వచ్చిన బెల్టు టర్న్‌టేబుల్ ఒకటి చవకగా వస్తున్నదని కొన్నాడు. దాని మోటారు వేగం హెర్ట్జ్‌ను బట్టి ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన పళ్లెం 27.8 దగ్గర నిలిచింది. ఘంటసాల గొంతు కూడా గుర్తుపట్టలేనంత బరువెక్కింది! దానికి సరిపడే 50 హెర్ట్జ్ పుల్లీ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. యంత్రం ధరలో మూడో వంతు ఆ చిన్న ముక్కకే అయింది.

ఇక సరఫరా. యంత్రసామగ్రి వంటి పెట్టుబడి వస్తువులు మినహా పాత వస్తువుల దిగుమతి మన విదేశీ వాణిజ్య విధానం కింద ఆంక్షలకు లోబడి ఉంది, లైసెన్సు కావాలి. అందుచేత దేశంలో చేతులు మారే సరుకే ప్రధానం. మంచి యంత్రం బయటికి వస్తే ధర బిగువుగానే ఉంటుంది. ముంబయి చోర్ బజారులోనైనా సరే, ప్లగ్గు పెట్టి వినిపించనివాడి దగ్గర కొనరాదు.

ఉదాహరణకు ఒక యాంప్లిఫయరుకు 60,000 రూపాయలు చెప్పారనుకుందాం. కెపాసిటర్లు, మెకానిక్ కూలి 12,000, ప్యాకింగు, రవాణా 3,000. పడే ధర 75,000. మూడేళ్లకు 65,000కు పోతే వాడుకున్నందుకు అయిన ఖర్చు 10,000. అదే కొత్తది 1,50,000కు కొని, మూడేళ్లకు 80,000కు అమ్మితే పోయేది 70,000. అయితే పాత యంత్రం తెలిసిన మెకానిక్ ఊళ్లో లేకపోతే ఆ 12,000ను రెట్టింపు వేసుకోవడం మేలు. టర్న్‌టేబుల్‌ను పార్సిలు ఆఫీసుకు పంపేముందు పళ్లెం ఊడదీసి విడిగా కట్టించాలి. అలాగే పంపితే బేరింగు దెబ్బతినే ప్రమాదముంది.