పాలు పంపులో ఉన్నాయా, పద్ధతిలో ఉన్నాయా?

సమస్య



మాది రేణిగుంట. నాకు ఇరవై నాలుగేళ్లు. ఎయిర్‌పోర్టు దగ్గరి ఎలక్ట్రానిక్స్ పార్కులో, సెల్‌ఫోన్ విడిభాగాలు చేసే కంపెనీలో లైను మీద పని చేస్తాను. తొలి కాన్పు, పాపకు మూడున్నర నెలలు. కాన్పుకు ఆరు వారాల ముందే సెలవు పెట్టినందున ఇంకో ఐదు వారాల్లో డ్యూటీకి పోవాల. కంపెనీ బస్సు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా లెక్కేస్తే పది గంటలు పాపకు దూరంగా ఉంటాను. ఇంతవరకు పాపకు నా పాలు తప్ప వేరేది పట్టలేదు.

బెంగళూరులో ఉండే మా ఆడబిడ్డ ప్రేమతోనే ఒక లిస్టు పంపింది. రెండు పక్కలా ఒకేసారి పిండే కరెంటు పంపు, పాలు దాచే సంచులు, సీసాలు, వాటిని ఉడికించే మిషను, పాలు వెచ్చబెట్టే మిషను, ఫీడింగ్ దిండు, ఫీడింగ్ బ్రాలు, ప్యాడ్లు, క్రీము, చనుమొనల మీద పెట్టుకునే సిలికాన్ తొడుగులు, పాలు పెరిగే పొడి. అన్నీ కలిపితే నా రెండు నెలల జీతం. మా ఆయన "అప్పు చేసైనా కొందాంలే" అంటాడు.

మా అత్తమ్మ మాట వేరే. "పిండి పెట్టిన పాలు విరిగిపోతాయి, పైగా దిష్టి. నేను పట్టను. డబ్బా పాలు తెచ్చుకుందాం. ఈ ఎండలకి బిడ్డకు నీళ్లు కూడా పట్టాల" అంటుంది. పాపను చూసుకునేది ఆమే కాబట్టి గట్టిగా ఎదురు చెప్పలేను.

కంపెనీలో పాలు పిండుకునేదానికి చోటు లేదు. నాకంటే ముందు కాన్పయి వచ్చిన ఒక అక్క బాత్రూములో నిలబడి పిండి పారబోసేది. రెండు నెలలకే పాలు మాన్పించేసింది. అది తలుచుకుంటే ఏడుపొస్తాంది. ఏది కొనాల, ఏది వద్దు? అసలు ఇది అయ్యే పనేనా?

– పేరు వేయొద్దు, రేణిగుంట

సలహా

అయ్యే పనేనమ్మా. అప్పు మాత్రం చేయకండి.

ముందు రోజులు లెక్క చూద్దాం. మీరు డ్యూటీలో చేరేనాటికి పాపకు ఐదో నెల ముగింపుకొస్తుంది. తల్లిపాలు ఒక్కటే చాలే ఆరు నెలలు నిండడానికి అక్కడి నుంచి సుమారు ఆరు వారాలు. ఆ తర్వాత మెత్తగా మెదిపిన పప్పన్నం, రాగి జావ, అరటిపండు మొదలవుతాయి. మీ పాలు రెండేళ్ల దాకా, ఆపైన కూడా ఇవ్వవచ్చు. కానీ పగలంతా పిండిన పాల మీదే బిడ్డ ఉండాల్సిన రోజులు ఆ ఆరు వారాలే. వాటి కోసం రెండు నెలల జీతం పోయనక్కర్లేదు.

ఇక పాల లెక్క. నెల దాటి ఆరు నెలల లోపు బిడ్డ రోజు మొత్తం మీద ఇంచుమించు 750 మి.లీ. తల్లిపాలు తాగుతుంది. గంటకు 30 మి.లీ. వేసుకున్నా పది గంటలకు 300. బస్సెక్కే ముందు ఒకసారి, ఇంటికొచ్చి చేతులు కడుక్కోగానే ఒకసారి మీరే పాలిస్తే మధ్యలో అంతకంటే తక్కువే సరిపోవచ్చు. ఫ్రీజరు నిండా నిల్వలు పెట్టాలన్న బెంగ వద్దు. ఇవాళ కంపెనీలో పిండింది రేపు పాపకు. సోమవారానికి కావలసింది ఆదివారం ఇంట్లో పిండుకుంటే చాలు.

ఈ లెక్క ముందు పెట్టుకుని మీ ఆడబిడ్డ లిస్టు చూద్దాం.

ఉడికించే మిషను అక్కర్లేదు. శుభ్రంగా కడిగిన గిన్నెలు మునిగేలా నీళ్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలు మరిగిస్తే అదే పని అవుతుంది. వెచ్చబెట్టే మిషనూ వద్దు. పాల గిన్నెను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే చల్లదనం పోతుంది. పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. ఫీడింగ్ దిండు బదులు ఇంట్లో ఉన్న దిండు చాలు. ప్యాడ్లకు పాత నూలు చీర మడతలు పెట్టుకుని, తడిసినప్పుడల్లా మార్చుకుంటే సరి. డ్యూటీ బట్టల కింద వేసుకోవడానికి బిగుతు లేని ఫీడింగ్ బ్రాలు రెండు కొనుక్కోండి, అది దండగ కాదు.

సిలికాన్ తొడుగులు డాక్టరో, అనుభవమున్న నర్సో చూసి చెబితే తప్ప వాడకండి. చనుమొనలు పగిలి నొప్పి పుడుతుంటే చాలాసార్లు కారణం బిడ్డ నోరు పట్టే తీరే. చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్లాలి. అది సరిచేయకుండా క్రీము ఎంత పూసినా ప్రయోజనం ఉండదు. పాలు పెరిగే పొడుల సంగతీ అంతే. రొమ్ము ఎంత ఖాళీ అయితే శరీరం అంత తయారు చేస్తుంది. ఆ పొడులు పాలు పెంచుతాయనడానికి గట్టి ఆధారం లేదు. మీ అత్తమ్మ మునగాకు, వెల్లుల్లి వేసి వండిపెడితే కమ్మగా తినండి. పథ్యమని కూరలు, నీళ్లు తగ్గించొద్దు.

పంపు విషయానికి వస్తే, ముందు డబ్బు పెట్టకుండా చేత్తో పిండడం నేర్చుకోండి. వెచ్చటి గుడ్డతో రొమ్మును కాసేపు కాపండి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి వలయం అంచున ఆనించండి. ముందు ఛాతీ వైపు అదిమి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరకు నొక్కి వదలండి. చర్మం మీద వేళ్లు జారనివ్వొద్దు. మొదట్లో చుక్కలే వస్తాయి. పాలు చేపాక ధార కడతాయి. కంపెనీలో చేపు రాకపోతే ఫోనులో పాప ఫొటో చూసుకోండి, తల్లులకు అది పనిచేస్తుంది.

చేతిపని అలవాటయ్యాక కూడా విరామంలో టైము చాలడం లేదనిపిస్తే అప్పుడు పంపు కొనండి. చేత్తో నొక్కే పంపు చవక, కరెంటుతో పని లేదు. రెండు పక్కలా పిండే కరెంటు పంపుతో టైము కలిసొస్తుందన్నది నిజమే. కాబట్టి మీ ఆడబిడ్డ ఏదైనా కొనిపెడతానంటే ఆ ఒక్కటి అడగండి. గరాటు మీ చనుమొనకు సరిపోయే సైజులో ఉండాలి. నొప్పి పుడితే సైజు తప్పో, లాగే వేగం ఎక్కువో అని అర్థం. ఇంకొకరు వాడిన పంపు తీసుకోకండి. చాలా పంపులు ఒక్కరు వాడేందుకే చేసినవి. లోపలి గొట్టాల్లోకి పాలు చేరితే కడగడానికి వీలుండదు.

మీరు తప్పనిసరిగా కొనాల్సింది చల్లదనం నిలిపే సంచి, అందులో పెట్టే ఐసు ప్యాకులు. 25 డిగ్రీల లోపు చల్లగా ఉండే గదిలో పిండిన పాలు నాలుగు గంటలు నిలుస్తాయి. మే నెలలో నలభై దాటే మన రేణిగుంట ఎండలో, బస్సు సీటు కింద ఆ లెక్క నడవదు. గడ్డకట్టిన ఐసు ప్యాకుల మధ్య అయితే 24 గంటలు ఆగుతాయి. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, తలుపు అరలో కాకుండా లోపలి గోడకు దగ్గరగా. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంచవచ్చు గానీ, కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్లలో మర్నాడే వాడేయడం మేలు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తెరవకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. దాచే సంచులకు బదులు గట్టి మూతలున్న చిన్న స్టీలు డబ్బాలు చాలు. ఒక్కోదాంట్లో ఒక పూటకు సరిపడా పోసి, పైన తేదీ, టైము రాసి అంటించండి.

ఇక అత్తమ్మ. ఫ్రిజ్‌లో పాల మీద మీగడలా తేలి, కింద పలచగా కనిపిస్తుంది. ఆమె విరిగాయనేది దాన్ని చూసే కావచ్చు. అది పాలలోని కొవ్వు పైకి తేలడమే. మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. ఒకరోజు ఆమె కళ్ల ముందే పిండి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు వెచ్చబెట్టి చూపించండి. దిష్టి భయముంటే డబ్బాను గుడ్డతో కప్పి ఉంచండి, అభ్యంతరమేముంది?

సీసాలు మాత్రం వద్దు. మీ ఇంటి అటక మీద వెతికితే ఉగ్గుగిన్నె దొరకొచ్చు. మన తమిళ సరిహద్దు ఊళ్లలో పాలాడై అంటారు కదా, అదే. ఆసుపత్రుల్లో నెలలు నిండని పసికందులకు ఇప్పటికీ నర్సులు దాంతోనే పాలు పడతారు. సీసా మూతుల సందుల్లో పాలు ఉండిపోతే క్రిములు పెరుగుతాయి. గిన్నెకు ఆ సందులు లేవు. సీసా రబ్బరుకు అలవాటు పడి రొమ్ము పట్టని పిల్లలున్నారు, ఆ ఇబ్బందీ తక్కువే. ఉగ్గుగిన్నెతో పట్టడం మీకంటే అత్తమ్మకే బాగా తెలుసు. ఆమెనే నేర్పమనండి. ఒక్క మాట గుర్తుచేయండి: బిడ్డను కూర్చోబెట్టినట్టు పట్టుకుని, పెదవికి ఆనించి, తాగేకొద్దీ వంచాలి. పడుకోబెట్టి గొంతులో పోయకూడదు. డ్యూటీకి రెండు వారాల ముందు నుంచే రోజూ ఒక పూట ఆమె చేతుల మీదుగా అలవాటు చేయండి. మీరు పక్క గదిలో ఉండండి, మీ వాసన తగిలితే పాప గిన్నె ముట్టకపోవచ్చు.

నీళ్ల విషయంలో ఆమెతో రాజీ పడొద్దు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. ఎంత ఎండలోనైనా ఆరు నెలల లోపు విడిగా నీళ్లు పట్టక్కర్లేదు. నీళ్లతో పొట్ట నిండితే పాలు తగ్గుతాయి, విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉంటుంది. ఎండ ఎక్కువైతే మాటిమాటికీ పాలివ్వండి. నీళ్లు తాగాల్సింది మీరు.

డబ్బా పాలు విషం కాదు. పిండిన పాలు చాలకపోతే పిల్లల డాక్టరు చెప్పిన కొలతలో వాడవచ్చు. కానీ మొదటి అడుగే అటు వేయకండి. డబ్బా పాల, పాల సీసాల ప్రకటనలను, ఉచిత శాంపిళ్లను 1992 నాటి మన దేశ చట్టం నిషేధించింది. ఎవరైనా శాంపిల్ చేతిలో పెడితే తీసుకోవద్దు.

రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా పాప ఉచ్చ పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. బరువు అంగన్‌వాడీలో తూయించండి. రాత్రిపూట పాలివ్వడం మానకండి, పాలు తగ్గకుండా కాచేది అదే. రొమ్ములో గడ్డకట్టి, ఎర్రబడి, చలిజ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి. తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి మీకు దగ్గరే. అప్పుడు కూడా పాలివ్వడం ఆపొద్దు, గట్టిగా పిసకొద్దు.

ఇక మీ లిస్టులో లేనివి, అన్నిటికంటే ముఖ్యమైనవి: టైము, చోటు. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా, మామూలు విరామం కాక రోజుకు రెండుసార్లు పాల విరామం ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. సెలవును 26 వారాలకు పెంచిన 2017 సవరణ, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ గది ఉండాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి పోనివ్వాలనీ చేర్చింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే ఉన్నాయి. చట్టం బిడ్డకు పాలివ్వడం గురించి చెబుతుంది. బిడ్డ పక్కన లేనప్పుడు ఆ టైములోనే పాలు పిండుకోనివ్వమని అడగడం న్యాయమైన కోరికే.

చేరేరోజు కాదు, ఈ వారమే హెచ్.ఆర్.కు కాగితం రాయండి. "పాపకు పదిహేను నెలలు నిండేవరకు రెండు పాల విరామాలు, తలుపు గడియ పడే గది, కూర్చోవడానికి కుర్చీ, చేతులు కడుక్కునే వీలు, డబ్బా పెట్టుకునేందుకు ఫ్రిజ్‌లో కొంచెం చోటు ఇప్పించగలరు. శిశు సంరక్షణ గది ఏర్పాటు ఎప్పుడో కూడా తెలుపగలరు." ఇంతే రాయండి. కాపీ మీద వాళ్ల ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే అదే కాపీ తీసుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లవచ్చు. బాత్రూములో పిండి పారబోసిన ఆ అక్కను, మీ లైనులో ఇప్పుడు గర్భంతో ఉన్నవాళ్లను కూడా సంతకం పెట్టమనండి. ఒక్కరు అడిగితే సర్దుకోమంటారు, పదిమంది అడిగితే గది వెతుకుతారు.