పని వదిలిన శామీ

ఇది అమెరికా కథ. రాసినాయన పేరు జాన్ అప్‌డైక్. 1961లో అచ్చయింది. కథ పేరు 'ఎ అండ్ పి'. అది అక్కడి సరుకుల దుకాణాల పేరు. ఆ దుకాణాలు 2015లో మూతపడ్డాయి. కథను మాత్రం ఇంకా చదువుతున్నారు.

కథ

శామీకి 19 ఏళ్లు. దుకాణంలో బిల్లు వేసే పని. గల్లాపెట్టె దగ్గర నిలబడతాడు. సరుకులకు లెక్క కట్టి డబ్బు తీసుకుంటాడు.

ఒక గురువారం మధ్యాహ్నం ముగ్గురు అమ్మాయిలు లోపలికి వచ్చారు. ఒంటి మీద ఈత బట్టలే ఉన్నాయి. కాళ్లకు చెప్పులు లేవు. సముద్రం అక్కడికి ఐదు మైళ్లు. దుకాణమేమో ఊరి నడుమ ఉంది. అందరూ వాళ్లనే చూశారు. శామీ కూడా కళ్లు తిప్పుకోలేదు. ముందు నడిచే అమ్మాయికి మనసులో 'రాణి' అని పేరు పెట్టుకున్నాడు.

ఆమె ఒక చేపల సీసా తెచ్చింది. ధర 49 సెంట్లు. నూరు సెంట్లయితే ఒక డాలరు. డబ్బు తీసి ఇచ్చింది. అంతలో మేనేజరు లెంగెల్ వచ్చాడు. ఇది సముద్రపు ఒడ్డు కాదన్నాడు. ఇకమీదట భుజాలు కప్పుకుని రమ్మన్నాడు. అది దుకాణం పద్ధతి అన్నాడు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. అమ్మ తెమ్మంటే వచ్చామని చెప్పింది. తాము మర్యాదగానే ఉన్నామని కూడా అంది.

శామీ బిల్లు వేశాడు. ఆ వెంటనే పని మానేస్తున్నానని చెప్పేశాడు. అమ్మాయిలు వినాలని అతని ఆశ. వాళ్లు ఆగలేదు. తలుపు దాటి వెళ్లిపోయారు.

లెంగెల్ శామీ అమ్మానాన్నలకు స్నేహితుడు. వాళ్లకు ఈ బాధ పెట్టవద్దని నచ్చజెప్పాడు. శామీ వినలేదు. దుకాణం వాళ్ల ఏప్రాన్ విప్పి మడతపెట్టాడు. ముందు రాత్రి అమ్మ ఇస్త్రీ చేసిన చొక్కాతో బయటికి నడిచాడు. అక్కడ అమ్మాయిలు లేరు. ముందు ముందు తన బతుకు ఎంత కష్టమో అతనికి అప్పుడు అర్థమయింది. కథ అక్కడ ఆగుతుంది.

ఆలోచిద్దాం

శామీ చేసింది మంచిదా, తొందరపాటా?

అమ్మాయిల మెప్పు కోసమే చేశాడని కొందరంటారు. మొదట్లో అది నిజమే. కానీ వాళ్లు వెళ్లిపోయాక ఇక మెప్పేది? మేనేజరు మాట వింటే పని మిగిలేది. అయినా శామీ వెనక్కి తగ్గలేదు. మెప్పు కోసం అన్న మాట, చివరికి మాట మీద నిలబడటం అయింది.

శామీ పక్కన స్టోక్సీ అనే కుర్రాడు పనిచేస్తాడు. 22 ఏళ్లు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అతను పని మానలేదు. అతన్ని పిరికివాడు అనగలమా? ఎదురు తిరగడానికి అందరూ ఒకే ధర చెల్లించరు. శామీకి పోయింది జీతం. స్టోక్సీకైతే పిల్లల పాలు పోయేవి.

ఇంకో సంగతి. కథంతా శామీ నోటి మాటే. అమ్మాయిల మనసు మనకు తెలియదు. వాళ్ల బట్టల మీద తీర్పు మేనేజరుది. వాళ్ల తరఫున కోపం శామీది. ఏం కావాలని వాళ్లను ఎవరూ అడగలేదు. కానీ మళ్లీ చదివి చూడండి. పదిమంది ఎదుట మొదట ఎదురు చెప్పింది శామీ కాదు, ఆ అమ్మాయి.

చర్చించండి

1. మేనేజరు అదే మాట మర్యాదగా చెప్పి ఉంటే ఏం జరిగేది?
2. పని మానకుండా శామీ ఇంకేం చేయగలిగేవాడు?
3. ఇంటికి వచ్చిన శామీతో వాళ్ల అమ్మ ఏమంటుంది?
4. ఇదే కథను ఆ అమ్మాయి చెబితే ఎలా ఉంటుంది? నాలుగు వాక్యాలు రాయండి.