ఎన్ని వేశావమ్మా?



నేను చెన్నైలో బీకాం మూడో ఏడు చదువుతున్నాను. మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. బాస్కెట్‌బాల్ ఆడతానని స్పోర్ట్స్ కోటాలో సీటిచ్చారు. ఫీజు లేదు, హాస్టల్ ఖర్చు కూడా వాళ్లదే. మాది డీమ్డ్ యూనివర్సిటీ, అందుకని కాలేజీ టీమే యూనివర్సిటీ టీమ్.

మా ఊరి హైస్కూల్లో సిమెంటు కోర్టు. రింగుకు వల ఉండేది కాదు. బాల్ లోపల్నించి పడిందా, పక్కనించి పోయిందా అని రోజూ కొట్లాటే. మా పీఈటీ సార్ నాకు నేర్పింది ఒకే మాట: "బాల్ చేతికొస్తే రింగు తప్ప ఇంకేం చూడొద్దు పాపా." అట్లే ఆడినాను. స్కూల్ గేమ్స్‌లో స్టేట్ వరకు పోయినాను. ఇక్కడికొచ్చినాక కూడా రెండేళ్లు మా టీమ్‌లో ఎక్కువ పాయింట్లు నావే. మ్యాచ్‌కి పద్దెనిమిది, ఇరవై వేసేదాన్ని.

ఈ ఏడు కేరళ నుంచి ఒకమ్మాయి ఫస్టియర్‌లో చేరింది. బాగా ఆడుతుంది, కాదనను. మూడు పాయింట్ల గీత బయటి నుంచి అలవోకగా వేసేస్తుంది. కోచ్ సార్ నన్ను పక్కకు పిలిచి, "ఇకమీదట మన ఆట ఆ అమ్మాయి చుట్టూ. నువ్వు స్క్రీన్లు పెట్టు, రీబౌండ్లు తియ్యి, అవతలి టీమ్‌లో బాగా వేసే పిల్లని పట్టుకో. ఓపెన్‌గా దొరికితేనే షాట్" అన్నారు. రెండు నిమిషాల్లో చెప్పేసి పోయినారు. ఇప్పుడు నాకు మ్యాచ్‌కి ఆరు, ఏడు పాయింట్లు. ఒక్కోసారి అవీ లేవు.

మా నాయన ఆర్టీసీ డ్రైవరు. నేను ఎనిమిదో తరగతి నుంచి ఆడిన ప్రతి మ్యాచ్ ఒక పాత డైరీలో రాసిపెట్టుకున్నాడు. తేదీ, ఎవరితో ఆడినాం, నేను ఎన్ని వేసినాను. మ్యాచ్ రోజు రాత్రి డ్యూటీ దిగి ఫోన్ చేస్తాడు. మొదటి మాట ఒకటే: "ఎన్ని వేశావమ్మా?" పోయిన నెల ఒక మ్యాచ్ రెండు పాయింట్లతో గెలిచినాం. నేను చివరి దాకా కోర్టులోనే ఉన్నాను. వేసింది నాలుగు. నాయన అడిగితే "పన్నెండు" అన్నాను. "రాసుకుంటా ఉండు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ కేరళ అమ్మాయి షాట్ తప్పితే నాకు లోపల ఎక్కడో సంతోషంగా ఉంటుంది. మా టీమే కదా, అయినా. మొన్న నాకు ఓపెన్ షాట్ దొరికితే కావాలనే వెయ్యకుండా ఆమెకు పాస్ ఇచ్చేసినాను. సార్ అందరి ముందు అరిచినారు.

వచ్చే నెల సౌత్ జోన్ పోటీలున్నాయి. చదువు అయినాక రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి పెట్టుకోవాలని మా ఇంట్లో అందరి ఆశ. నాలుగు, ఆరు పాయింట్లు వేసే దాన్ని ఎవరు తీసుకుంటారు? వేరే కాలేజీకి మారాలా? ఆటే మానెయ్యాలా?

జెర్సీ నంబర్ 7, చెన్నై

*

నంబర్ 7కి,

మా రోజుల్లో జెర్సీల మీద 4 నుంచి 15 దాకానే నంబర్లుండేవి. నాది 14. జిల్లా స్థాయి దాటలేదు, ఆ జిల్లాలోనూ ఎక్కువసేపు బెంచీ మీదే కూర్చున్నాను. కాబట్టి ఇరవై పాయింట్లు వేసే చేతికి ఆ ఇరవై పోతే ఎలా ఉంటుందో నాకు అనుభవం లేదు. బెంచీ మీది నుంచి మాత్రం ఆట మొత్తం కనిపిస్తుంది.

"టీమ్ ముఖ్యం తల్లీ, నువ్వు కాదు" అని నేను చెప్పను. ఆ మాట నీకు ఇప్పటికే నలుగురు చెప్పి ఉంటారు, ఒక్కరి మాటా పని చేసి ఉండదు. ఎనిమిదో తరగతి నుంచి నీ పేరు పక్కన ఒక అంకె ఉంది. ఊళ్లో, స్కూల్లో, ఇంట్లో నిన్ను ఆ అంకెతోనే గుర్తుపట్టారు. దాన్ని రెండు నిమిషాల్లో తీసేశారు. బాధ కలగకపోతేనే నేను కంగారుపడేదాన్ని.

ఈసారి మ్యాచ్ అయ్యాక స్కోరర్ బల్ల దగ్గరకెళ్లి స్కోర్ షీట్ ఒకసారి చూడు. మన దగ్గర పోటీల్లో వాడే ఆ కాగితంలో నీ పేరు ఎదురుగా నువ్వు చేసిన ఫౌల్స్ ఉంటాయి. పక్కన వరసలో పాయింట్లు పెరుగుతూ పోయేచోట, నువ్వు వేసిన ప్రతి బాస్కెట్ దగ్గర నీ నంబర్ ఉంటుంది. నీ గురించి ఆ కాగితానికి దాదాపు అంతే తెలుసు. రీబౌండ్లకు గడి లేదు, పాసులకు లేదు. స్క్రీన్‌కైతే అసలే లేదు. అంటే ఆ కాగితం దృష్టిలో నువ్వు చేయగలిగినవి రెండే, బాస్కెట్ వేయడం, తప్పు చేయడం. మీ నాయన డైరీ కూడా ఆ కాగితం లాంటిదే, కాకపోతే ఫౌల్స్ రాయనంత ప్రేమ ఉంది అందులో.

ఆట తెలియని పాఠకులకు ఒక ముక్క: స్క్రీన్ అంటే, మన షూటర్‌ను వెంటాడుతున్న డిఫెండర్ దారికి అడ్డంగా వెళ్లి నిలబడటం. కాళ్లు కదపకూడదు, కదిపితే ఫౌల్. అవతలి మనిషి వచ్చి గుద్దుకుంటుంది, నొప్పి నీది. ఆ ఒక్క క్షణంలో షూటర్‌కు చోటు దొరుకుతుంది, బాల్ రింగులో పడుతుంది, చప్పట్లు ఆమెకు పడతాయి. అమెరికాలో ఎన్‌బీఏ వాళ్లు కూడా ఇలాంటి వాటిని లెక్కగట్టి బయటపెట్టడం 2016 నుంచే మొదలుపెట్టారు. అంతకుముందు కోచ్‌ల నోటుపుస్తకాల్లో ఉండేవి.

క్రిస్ బోష్ పేరు విన్నావా? టొరంటోలో ఏడేళ్లు ఆడాడు. అక్కడ చివరి సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 24 పాయింట్లు. 2010లో మయామికి వెళ్లాడు. అక్కడ లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్ ఉన్నారు, బాల్ వాళ్ల చేతుల్లో ఉండేది. బోష్ సగటు మొదటి ఏడే 19 లోపుకు దిగింది, మూడో ఏటికి 17 లోపుకు. 2013 ఫైనల్స్‌లో శాన్ ఆంటోనియో మీద ఆరో మ్యాచ్. ఓడితే కప్పు పోయినట్టే. కొద్ది క్షణాలే మిగిలాయి, మయామి మూడు పాయింట్లు వెనక ఉంది. లెబ్రాన్ షాట్ తప్పింది. మీద పడుతున్న మనుషుల మధ్య రీబౌండ్ అందుకున్నది బోష్. అందుకుని తను వేయలేదు, మూలకు వెనక్కి అడుగులేస్తున్న రే అలెన్‌కు ఇచ్చాడు. 5.2 సెకన్లు ఉండగా స్కోరు సమం. ఓవర్‌టైమ్‌లో గెలిచారు. ఆ రాత్రి లోకమంతా చెప్పుకున్నది అలెన్ షాట్ గురించి. ఏడో మ్యాచ్‌లో బోష్ వేసిన పాయింట్లెన్నో తెలుసా? సున్నా. కప్పు గెలిచారు.

బోష్‌కు అప్పటికే పేరుంది, డబ్బుంది, నీకు రైల్వే ఉద్యోగం కావాలి అంటావు. న్యాయమే. ఆ నోటిఫికేషన్లు ఈసారి నిదానంగా చదువు. వాటిలో అడిగేది నీ సగటు కాదు. ఏ స్థాయి పోటీల్లో ఆడావు, నీ టీమ్ ఎన్నో స్థానంలో నిలిచింది అన్నది. ఆలిండియా అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వచ్చిన స్థానానికి అక్కడ విలువుంది, సౌత్ జోన్ దాటకుండా ఆలిండియా లేదు. నువ్వు మ్యాచ్‌కు ఇరవై వేసి టీమ్ జోన్‌లోనే ఇంటికొస్తే ఆ ఇరవై మీ నాయన డైరీలోనే ఉండిపోతాయి. ఆరే వేసినా టీమ్ ముందుకెళితే నీ చేతికి సర్టిఫికెట్ వస్తుంది. ఆ తర్వాత ట్రయల్స్ ఉంటాయి. అక్కడ కళ్లున్నవాళ్లు కూర్చుంటారు. రింగు తప్ప ఇంకేం చూడని ఆటగాళ్లు వాళ్లకు రోజూ కనిపిస్తారు.

మీ పీఈటీ సార్‌ను తప్పు పట్టడం లేదు. వల లేని రింగు దగ్గర ఆయన నేర్పాల్సింది అదే.

ఇక నీ లోపలి సంతోషం సంగతి. ఆ అమ్మాయి షాట్ తప్పితే కలిగే సంతోషం. దానికి సిగ్గుపడటం నీ మంచితనం. నన్నడిగితే దాన్ని పనిలో పెట్టు. షాట్ తప్పిన ప్రతిసారీ బాల్ ఎక్కడ పడుతోందో చూడు. కుడి మూల నుంచి వేసింది తప్పితే తరచూ అవతలి వైపుకే వస్తుంది. ఆమె వేసేది ఎత్తుగా లేస్తుందా, చదునుగా పోతుందా? రింగు ముందు అంచుకు తగులుతుందా, వెనక అంచుకా? ఎన్‌బీఏలో డెన్నిస్ రోడ్‌మన్ అని ఒకడుండేవాడు. తోటివాళ్లు ప్రాక్టీస్‌లో వేసే షాట్లు ఎలా తిరుగుతాయో, తప్పితే ఎటు ఎగురుతాయో గమనిస్తూ కూర్చునేవాడట. వరసగా ఏడు సీజన్లు రీబౌండ్లలో అతనే మొదటివాడు. కెరీర్ సగటు మాత్రం మ్యాచ్‌కు 7.3 పాయింట్లు, అంటే అటూ ఇటూగా నీ ఇప్పటి లెక్క. అతని మిగతా నడవడిక జోలికి వెళ్లకు, మీ వార్డెన్ ఒప్పుకోదు.

ఆ అమ్మాయి తప్పులు ఎటు పడతాయో నీ అంత శ్రద్ధగా చూసేవాళ్లు టీమ్‌లో ఇంకెవరూ ఉండరు. ఆ రీబౌండ్లు నీవి. రింగు కింద అందుకున్న బాల్‌ను పైకెత్తి వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నీ ఉత్తరంలో నాకు నచ్చని చోటు ఒకటుంది. ఓపెన్ షాట్ దొరికితే కావాలని పాస్ ఇచ్చేశానన్నావు. దాన్ని త్యాగం అనుకుంటున్నావేమో, అది అలక. మీ సార్ అరవడంలో నాకు తప్పు కనిపించలేదు. అందరి ముందు అరిచారే, అది మాత్రం బాగాలేదు. నువ్వు వేయవని అవతలి వాళ్లకు తెలిసిపోతే నిన్ను కాయాల్సిన మనిషి కూడా వెళ్లి ఆ కేరళ అమ్మాయి మీద పడుతుంది. ఇక నువ్వు స్క్రీన్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

అలక కాకుండా ఇంకో చిక్కు కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. ఇరవై షాట్లు వేసేటప్పుడు మొదటి నాలుగు తప్పినా చేయి మ్యాచ్‌లోనే కుదురుకుంటుంది. ఐదే వేసేదానివి, నీకా వెసులుబాటు లేదు. పది నిమిషాలు స్క్రీన్లకు ఒళ్లు గుద్దించుకున్నాక ఒక్క బాల్ వస్తుంది, అది పడాలి. పైగా నీకు ఇన్నాళ్లూ బాల్ పట్టుకోగానే ఒకసారి నేలకు కొట్టి, తర్వాత లేచే అలవాటు ఉండే ఉంటుంది. సొంతంగా షాట్ తయారుచేసుకునే వాళ్లందరికీ ఉంటుంది. ఇప్పుడు ఆ ఒక్క డ్రిబుల్ వేసేలోపు డిఫెండర్ వచ్చేస్తుంది. కాబట్టి ప్రాక్టీస్ మార్చు. వరసగా రెండొందల షాట్లు వద్దు. మూడు నిమిషాలు కోర్టు ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తు, ఎవరినైనా పాస్ ఇవ్వమను, బాల్ చేతికి రాకముందే పాదాలు సర్దుకుని ఉండు, ఒక్కటే వెయ్యి. పడినా పడకపోయినా మళ్లీ పరుగు. ఒక సాయంత్రానికి పదిహేను షాట్లు చాలు. మొదటి వారం ఏడుపొస్తుంది.

ఇంకో చిట్కా, ఇది నీకు తెలిసే ఉండొచ్చు. స్క్రీన్ పెట్టగానే నిలబడి చూడకు, వెంటనే రింగు వైపు తిరిగి పరుగెత్తు. అవతలి ఇద్దరి కళ్లూ షూటర్ మీద ఉంటాయి. కోర్టులో అందరికంటే ఖాళీగా దొరికేది ఆ క్షణంలో స్క్రీన్ పెట్టిన మనిషే.

కాలేజీ మారడం గురించి తేల్చుకునే ముందు మీ సార్ దగ్గరకు వెళ్లు. "నన్నెందుకు తగ్గించారు" అని అడగొద్దు, దానికి ఆయన మళ్లీ ఆ రెండు నిమిషాల మాటే చెబుతారు. "ఏ చోట బాల్ దొరికితే నేను ఆలోచించకుండా వేయొచ్చు?" అని అడుగు. "సౌత్ జోన్‌లో నేను ఎవరిని కాయాలి?" అని అడుగు. సూటిగా జవాబిస్తే ఆయన నీ గురించి ఆలోచించే ఉన్నట్టు. నీళ్లు నమిలితే అప్పుడు నాకు మళ్లీ రాయి, వేరే దారి చూద్దాం.

అయితే ఆయన జవాబు సగం నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు గమనించకుండా రాసేశావు. రెండు పాయింట్లతో గెలిచిన మ్యాచ్‌లో చివరి దాకా కోర్టులోనే ఉన్నానన్నావు. అంత బిగువుగా ఉన్న ఆటలో పనికిరాని మనిషిని ఏ కోచ్ కూడా చివరి నిమిషంలో లోపల ఉంచడు. ఆ మ్యాచ్‌లో నువ్వు కాసిన అమ్మాయి ఎన్ని వేసింది? నువ్వు రాయలేదు. నీకు గుర్తుండే ఉంటుంది.

ఆ అంకె మీ నాయనకు చెప్పు. ఈసారి ఆయన ఫోన్ చేసినప్పుడు, "ఎన్ని వేశావమ్మా" అని అడగక ముందే, "నాయనా, పోయిన నెల మ్యాచ్‌కు పన్నెండు అని రాసుకున్నావు కదా, అది కొట్టేసి నాలుగు రాయి" అను. ఒక నిమిషం మాట్లాడకపోవచ్చు. తర్వాత ఆ పేజీలో పక్కన ఇంకో గడి గీయమను, నువ్వు ఎవరిని కాశావో, వాళ్లను ఎన్నింటి దగ్గర ఆపావో రాయడానికి. ఎంత గొప్ప స్కోరర్‌కైనా అది రాసుకోవాలంటే ఆట గురించి నాలుగు ప్రశ్నలు అడగక తప్పదు. డ్రైవరు కదా, అడ్డం రావడం అంటే ఏమిటో ఆయనకు కొత్తగా చెప్పక్కర్లేదు, కావాలనే అడ్డం వెళ్లి నిలబడతారని చెబితే మాత్రం నవ్వుతాడు.