పతకాలు వచ్చిన దారి

కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఎక్స్‌రేల పాఠంలో లారెన్స్ బ్రాగ్ సూత్రం వచ్చినప్పుడు పిల్లలు మాట్లాడకుండా నోట్సులో దించుకునేవారు. ఆయన ఫిరంగిదళంలో పనిచేసి మిలిటరీ క్రాస్ పతకం కూడా తెచ్చుకున్నాడని చెబితే మాత్రం తలలు లేచేవి. ఏళ్ల తరబడి ఆ కథ చెప్పగా చెప్పగా నాకు ఒంటబట్టినవి ఇవి.

1. హోదా చూసి చెవి మూసుకోవద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బ్రాగ్‌కు అప్పగించిన పని, మోతను బట్టి శత్రువు ఫిరంగి ఎక్కడుందో కనిపెట్టడం. దూరదూరంగా మైక్రోఫోన్లు పెట్టి, మోత ఒక్కోదానికి ఎంత తేడాతో చేరిందో కొలిస్తే ఫిరంగి జాడ తెలుస్తుంది. కాగితం మీద సులువే. కానీ ధ్వనిని మించిన వేగంతో వచ్చే గుండు దారంతా ఫెళఫెళమంటుంది. అసలు ఫిరంగి మోతలో చాలా భాగం చెవికి ఆననంత మంద్రం. అప్పటి మైక్రోఫోన్లకు ఆ ఫెళఫెళలే బాగా అందేవి.

బ్రాగ్ మకాం ఉన్న ఇంటి మరుగుదొడ్డిలో కూర్చుంటే, దగ్గర్లో ఫిరంగి పేలినప్పుడల్లా కిందనుంచి గాలి తోసి మనిషిని కాస్త పైకి లేపేదట! వినపడని మోత కూడా గాలిని కదుపుతోందని ఆయన అక్కడే గ్రహించాడు. ఆయన దళంలోనే ఉన్న టక్కర్ అనే కార్పొరల్, తారుకాగితపు గుడిసె చిల్లుల్లోంచి ప్రతి పేలుడుకూ చల్లగాలి తన ముఖానికి కొట్టడం గమనించాడు. వేడెక్కిన సన్నని ప్లాటినం తీగకు ఆ గాలి తగిలితే తీగ చల్లబడుతుంది, దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. 1916లో ఆ ఊహే కొత్త మైక్రోఫోన్ అయింది. కార్పొరల్ మాట ఆఫీసరు చెవిన పెట్టకపోయి ఉంటే?

2. మంచీ చెడూ చెప్పి రావు. 1915 సెప్టెంబరులో తమ్ముడు బాబ్ గల్లిపోలి యుద్ధంలో పోయాడు. నవంబరులో తండ్రితో కలిపి తనకు నోబెల్ వచ్చిందని కబురు. అప్పటికి పాతికేళ్లవాడు. మకాం ఇచ్చిన పల్లెటూరి ఫాదరు ద్రాక్షసారా సీసా తెచ్చి అభినందించాడు. మళ్లీ పనిలో పడిపోయిన బ్రాగ్, నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది 1922లో.

3. ఎదురుగాలిని కూడా లెక్కలో వేసుకోవాలి. బ్రాగ్ పనిచేసిన పశ్చిమ రంగంలో ఎక్కువగా వీచేది పడమటిగాలి. అది శత్రువు ఫిరంగి మోతకు ఎదురు వీచి, బ్రాగ్ ఉన్న బ్రిటిష్ సేనకు అందకుండా చేసేది. గాలి లేని రాత్రి, మంచు పట్టిన రాత్రి వాళ్లకు పండగే.

4. పతకాన్ని చూసి మనిషిని కొలవొద్దు. 1918లో బ్రాగ్‌కు మిలిటరీ క్రాస్, ఓబీఈ గౌరవం రెండూ వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయనకు యూనిఫాం లేదు. జలాంతర్గాముల జాడ తీసే విషయంలో నౌకాదళానికి సలహాలిచ్చాడు, 1941లో శాస్త్ర సంబంధాల పని మీద కెనడా వెళ్లాడు. అదే ఏడాది సర్ బిరుదు వచ్చింది. నా దృష్టిలో రెండు యుద్ధాల సేవా ఒకటే.

5. మోస్లేని మరవొద్దు. మూలకాలకు పరమాణు సంఖ్యలు ఖాయం చేసిన ఆ కుర్ర శాస్త్రజ్ఞుణ్ణి కూడా 1915 ఆగస్టులో గల్లిపోలిలో తూటా బలితీసుకుంది. అతనికి నోబెల్ రాలేదు. శాస్త్రజ్ఞుణ్ణి అలా ముందువరసకు పంపడం శుద్ధ తెలివితక్కువ పని.