మోంతెరోస్సోలో ఒక ఆదివారం
(లేఖ)

ఇటలీ దేశంలోని జెనోవా రేవు పట్టణంలో నివసిస్తున్న ఒక తెలుగు కుటుంబం ఒకనాడు మోంతెరోస్సో అనే సముద్రతీర గ్రామానికి వెళ్ళి వచ్చింది. ఆ విశేషాలను ఆ ఇల్లాలు ఒడిశాలోని బరంపురంలో ఉన్న తన అక్క కూతురికి ఇలా వ్రాసింది.

జెనోవా,
17-6-2025.

చిరంజీవి పాపకు,

పిన్ని ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మమ్మ వచ్చి మూడు వారాలైంది. మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. మాట జోరు మాత్రం ఏమీ తగ్గలేదు. జెనోవా రేవులో క్రేన్లనూ, ఓడలనూ చూపిస్తే, "ఇది సముద్రమా, ఓడల సంతా? గోపాల్‌పూర్‌లో లాగా నీళ్ళలో కాళ్ళు పెట్టుకొనే చోటు లేదా?" అని అడిగింది. అందుకని మొన్న ఆదివారం అందరం మోంతెరోస్సోకు బయలుదేరాం. పులిహోర పొట్లాలు కట్టుకున్నాం. రైలులో గంటన్నర ప్రయాణం.

ఆ దారి నీకు చూపించాలనిపించింది. కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. రైలు పట్టాలకు చోటే లేదు. అందుచేత కొండలను తొలిచి సొరంగాలు వేశారు. ఒక సొరంగం, క్షణంసేపు వెలుతురు, నీలంగా సముద్రం, మళ్ళీ సొరంగం. "ఎవరో తెర తీసి మూస్తున్నట్టుందే!" అంది అమ్మమ్మ. ఈ తీరానికి రైలు వచ్చింది 1874లో. అంతకు ముందు పడవలోనో, కంచరగాడిదలు నడిచే కొండదారినో రావలసిందే. ఇక్కడ వరుసగా ఐదు ఊళ్ళున్నాయి. వాటిని కలిపి 'చింక్వే తెర్రె' అంటారు. ఆ మాటకు ఐదు నేలలు అని అర్థం. వాటిలో పెద్దది మోంతెరోస్సో. చెప్పుకోదగ్గ ఇసుక తీరం ఉన్నది కూడా దీనికే.

స్టేషను మెట్లు దిగితే ఎదురుగా సముద్రమే. తీరం పొడవునా రంగురంగుల గొడుగులు, వాటి కింద కుర్చీలు. అక్కడ కూర్చోవాలంటే రుసుము కట్టాలి. "ఇసుకకు అద్దె ఏమిటే?" అని అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. డబ్బివ్వకుండా కూర్చొనే చోటు కూడా కొంత ఉంది. అక్కడ దుప్పటి పరుచుకున్నాం.

అమ్మమ్మ నీళ్ళలోకి దిగి చాలాసేపు అలల కోసం చూసింది. అవి కాళ్ళను తాకి మెల్లగా వెనక్కు పోతున్నాయే గాని మన గోపాల్‌పూర్ అలల్లాగా విరుచుకు పడడం లేదు. "ఈ సముద్రం నిద్రపోతోందా?" అంది. ఆనాడు గాలి లేదు. గాలి లేచిన రోజున ఇక్కడా అలలు రాళ్ళను బద్దలు కొడతాయి. ఆటుపోట్లు మాత్రం ఎప్పుడూ తక్కువే. ఇక్కడ నీటిమట్టం అడుగుకు మించి మారదు. మధ్యధరా సముద్రం చుట్టూ నేల ఉంది. దానిని మహాసముద్రంతో సహజంగా కలిపేది జిబ్రాల్టర్ జలసంధి ఒక్కటే. అది మిక్కిలి ఇరుకైన చోట 14 కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. అంత చిన్న వాకిలి గుండా మహాసముద్రపు పోటు ఎంతని లోపలికి వస్తుంది? నీ తమ్ముడు నీళ్ళు మింగి "అబ్బ, ఉప్పు!" అని ఉమ్మేశాడు. అదీ నిజమే. ఇక్కడ కిలో నీటిలో దాదాపు 38 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది వంటి నదులు కలుస్తాయి కనుక అంత ఉప్పదనం లేదు.

తీరం చివర కొండకు ఆనుకొని ఒక పెద్ద విగ్రహం ఉంది. అది 1910 నాటి సముద్రదేవుడి కాంక్రీటు బొమ్మ. ఎత్తు 14 మీటర్లు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకూ, తరువాత సముద్రపు పోటుకూ చేతులు పోయాయి. నాకంతగా నచ్చలేదు. బాబాయి మాత్రం నాలుగు ఫోటోలు తీశారు.

మధ్యాహ్నం ఒక చిన్న సొరంగం దాటి పాత ఊరిలోకి వెళ్ళాం. సన్నని సందులు, తెలుపు నలుపు చారల చర్చి, గుమ్మాల ముందు నిమ్మచెట్లు. అక్కడ ఒక ముసలావిడ అంగడిలో గాజు సీసాల నిండా చేపలు కనిపించాయి. అమ్మమ్మ ఠక్కున ఆగి, "ఇవి మన నెత్తళ్ళే కదే!" అంది. అవును, నెత్తళ్ళ జాతివే. ఈ ఊరు వాటికే పేరు పొందింది. చీకటి రాత్రుల్లో పడవ మీద పెద్ద దీపం వెలిగిస్తారు. వెలుగుకు గుంపులుగా వచ్చిన చేపలను వలతో చుట్టి తీస్తారు. తలలూ, పేగులూ చేత్తోనే తీసేసి, ఒక వరుస చేపలు, ఒక వరుస కల్లుప్పు చొప్పున పేర్చి, పైన పలకరాయి మూత పెట్టి బరువుంచుతారు. ఆరేడు వారాలకు ఊరి, ఎర్రబారి, తినడానికి పనికొస్తాయి.

ఆవిడ ఒక చేప తీసి రొట్టె మీద పెట్టి ఇచ్చింది. అమ్మమ్మ రుచి చూసి, "బాగుంది గాని మన ఎండు నెత్తళ్ళ పులుసుకు సాటి రాదు" అంది. వీళ్ళిద్దరికీ దుబాసీ నీ తమ్ముడే. వాడు మొదటి సగమే ఇటాలియన్‌లో చెప్పి ఊరుకున్నాడు! ఇంతలో పక్కింటి తాత వచ్చాడు. ఆయనతో ఆవిడ మాట్లాడుతుంటే మావాడు తెల్లబోయాడు. "అమ్మా, ఇది మా బళ్ళో చెప్పే భాష కాదు" అన్నాడు. అది లిగూరియన్, ఈ ప్రాంతపు ఇంటి భాష. ఆవిడ మనవరాలు మాత్రం ఆవిడకు ఇటాలియన్‌లోనే జవాబు చెప్పింది.

మాటల్లో ఆవిడ తన భుజం దగ్గర చెయ్యి పెట్టి, "ఇంత ఎత్తు బురద" అంది. 2011 అక్టోబరు 25న ఇక్కడ కుంభవృష్టి కురిసింది. కొండల వెనుక ఒక ఊరిలో ఆ ఒక్క రోజే 500 మిల్లీమీటర్లు దాటిందట. మన బరంపురంలో ఏడాది మొత్తానికి పడే వానలో అది మూడో వంతు కంటే ఎక్కువ. ఈ వీధుల కిందనే వాగులున్నాయి. వాటిని కప్పి పైన బాటలు వేశారు. ఆనాడు నీళ్ళు ఆ బాటలను చీల్చుకొని పైకి వచ్చాయి. ఇక్కడ ఒకరు, పక్క ఊరు వెర్నాజాలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

తప్పంతా వానది కాదని ఆవిడే చెప్పింది. కొండల నిండా మెట్లు మెట్లుగా పొలాలున్నాయి. ద్రాక్షకూ, నిమ్మకూ నేల కావాలని సుమారు వెయ్యేళ్ళుగా కట్టుకుంటూ వచ్చినవి. వాటి గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పొందికగా పేర్చినవే. వాననీరు సందుల్లోంచి మెల్లగా జారిపోతుంది, మట్టి నిలుస్తుంది. అయితే ఏటా జారిన రాళ్ళను ఎవరో ఒకరు మళ్ళీ పేర్చాలి. పిల్లలు ఫ్యాక్టరీ పనులకూ, ఓడల పనులకూ వెళ్ళిపోయారు. గోడలు కూలాయి, మట్టి వదులైంది. "మా నాన్న గోడలు కూడా పోయాయి. నాకు రాళ్ళు పేర్చడం వచ్చు, మోకాళ్ళు రావు" అని ఆవిడ నవ్వింది. 1997లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూడవచ్చేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. గోడ కట్టేవాళ్ళే కరువు.

అమ్మమ్మ ఊరుకోలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి కథంతా చెప్పింది. అప్పుడు నువ్వింకా పుట్టలేదు. ఒడిశాలో పది లక్షల మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారని చెబితే ఆవిడ నమ్మలేక, "పది లక్షలా?" అని మావాణ్ణి మళ్ళీ అడిగింది. అమ్మమ్మ పది వేళ్ళూ చూపించింది.

రైలు వేళకు ఆవిడ రెండు నిమ్మకాయలు అమ్మమ్మ కొంగులో వేసింది. మన బత్తాయి కాయలంత ఉన్నాయి. వచ్చేటప్పుడు నీ తమ్ముడు నా ఒళ్ళో నిద్రపోయాడు. అమ్మమ్మ సొరంగాలు లెక్కపెడుతూ, మధ్యలో లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.

ఒక పని చెయ్యాలి నువ్వు. గోపాల్‌పూర్‌లో మన జాలరులు నెత్తళ్ళను ఇసుక మీద ఎన్ని రోజులు ఎండబెడతారో, ముందు ఉప్పు పడతారో లేదో ఆ ముసలావిడ అడిగింది. అమ్మమ్మ ఒకటి చెబుతోంది, బాబాయి ఇంకొకటి చెబుతున్నారు. ఈసారి మీ నాన్నతో వెళ్ళినప్పుడు జాలరి వీధిలో అడిగి, వాళ్ళు వాడే మాటల్లోనే వ్రాసి పంపు. అక్కకూ, బావగారికీ నమస్కారాలు.

ఇట్లు,
నీ పిన్ని.

అభ్యాసం

1. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు తక్కువగా ఉండడానికి కారణమేమిటి?
2. "తప్పంతా వానది కాదు" అని ముసలావిడ ఎందుకన్నది?
3. తమ్ముడు అమ్మమ్మ మాటల్లో సగమే ఎందుకు చెప్పి ఉంటాడు?
4. మీ ఇంట్లో మాట్లాడే మాటల్లో మీ ఊరి బజారులో వినిపించనివి ఐదు సేకరించి, సొంత వాక్యాలలో ప్రయోగించండి.
5. పిన్ని అడిగిన సంగతులు తెలుసుకొని పాప వ్రాసిన జవాబు లేఖను మీరు వ్రాయండి.