నిక్కరేసుకున్న హీరో

చిట్టితల్లీ,

మీ రూమ్మేటుకి క్యాంపస్‌లోనే ఉద్యోగం వచ్చేసిందని మొన్న ఫోన్లో చెబుతున్నప్పుడు నీ గొంతు కాస్త సన్నబడింది, అమ్మమ్మ కనిపెట్టలేదనుకున్నావు కదూ. ఆ రాత్రి ఏం తిన్నావో, ఎలా పడుకున్నావో అని నాకొకటే బెంగ. మనసు ఊరుకోక మళ్ళీ ‘గుండమ్మ కథ’ పెట్టుకున్నాను. 1962 నాటి సినిమా, మీ తాతయ్యకి ప్రాణం. ఆ రుబ్బురోలు పాట వచ్చేసరికి కుర్చీ ముందుకి జరుపుకునేవారు.

గుండమ్మ సొంత కూతురు సరోజని పువ్వులా పెంచి, సవతి కూతురు లక్ష్మి చేత గొడ్డుచాకిరీ చేయించే ఆ ఇంటికి పనివాడిగా వచ్చిన అంజి, పొట్టి నిక్కరేసుకుని, పొత్రం తిప్పుతూ హాయిగా పాడతాడే, ఆ వేషం కట్టిన రామారావుకి అది నూరో సినిమా అంటే నమ్ముతావా? అవతల నాగేశ్వరరావుకేమో సూటూ బూటూ, సరోజగా వేసిన జమునతో షికార్లూ. ఆయనకి సూటు, నాకు నిక్కరా అన్న చిన్నబుచ్చుకోవడం ఆ మొహంలో మచ్చుకైనా కనబడదు. ఇద్దరిలో ఎవరి పేరు ముందు వెయ్యాలన్న తగువు లేకుండా నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి టైటిల్స్‌లో బొమ్మలు చూపించి ఊరుకుని, సినిమాకి మాత్రం సూర్యకాంతం పాత్ర పేరు పెట్టేశారు. ఘటికులు! ఆవిడ మటుకు? తెరమీద అంత గయ్యాళి, షూటింగులకి ఇంటినుంచి వండి పట్టుకెళ్ళి అందరికీ కొసరి కొసరి వడ్డించేదట.

నాకు సరోజ మీద కూడా కోపం రాదు. ఆ పొగరు తల్లి పెంపకం. మొగుడి దగ్గర చిల్లిగవ్వ లేదనుకున్నాక తోటపనికి దిగింది కదా, పాపం. ఆ ఇంట్లో చేరిన దుర్గమ్మ గుండమ్మని గదిలో పెట్టి తాళం వేస్తే ఆదుకున్నదీ ఆ లక్ష్మే. పాత లెక్కలేవీ తియ్యలేదు.

నువ్వూ అంతేలే. చిన్నప్పుడు ఎదురింటి పిల్ల పట్టు పరికిణీ చూసి, నాకెందుకు లేదని దొర్లి దొర్లి ఏడ్చి, సాయంత్రం దాని జడ బోసిగా ఉందని నీ కనకాంబరాలు సగం తెంపి పెట్టొచ్చావు. మీ అమ్మ తిట్టింది. నేను లోపలికెళ్ళి నవ్వుకున్నాను.

నీ ఉద్యోగం నీకు వస్తుంది, వేళకి తిను. సున్నుండలు పంపుతున్నాను, ఆ పిల్లకీ పెట్టు. ఈసారి నెయ్యి కాస్త ఎక్కువే పడింది, డబ్బా తిరగేసి పెట్టకండి.

మీ అమ్మమ్మ