ఒకే గేటు, రెండు జీతాలు: పరిశోధనలను సమీక్షించే పద్ధతి

జంషెడ్‌పూర్‌లో కార్మిక సంక్షేమం చట్టం కన్నా ముందే వచ్చింది. టాటా ఉక్కు కర్మాగారంలో ప్రావిడెంట్ ఫండ్ 1920లో, ప్రసూతి సాయం 1928లో మొదలయ్యాయి. దేశమంతటికీ వర్తించే చట్టాలు 1952, 1961 దాకా రాలేదు. అదే ఊళ్లో ఇవాళ ఒకే గేటు దాటి పనికి వెళ్లేవాళ్లలో కొందరు పర్మనెంటు, కొందరు ఠేకా (కాంట్రాక్టు) కార్మికులు. జీతం, వైద్యం, క్వార్టరు, రేపటి మీద భరోసా, అన్నిట్లోనూ తేడాయే. ఈ తేడాను ఏ విధానాలు తగ్గిస్తాయన్న దానిపై పరిశోధనలు కుప్పలుగా ఉన్నాయి. వాటిని వరుసగా చదివి నమ్మదగిన జవాబు తయారుచేయడమే సమీక్ష. విద్యార్థులైనా, యూనియన్ కార్యకర్తలైనా ఓపికుంటే చేయగల పని ఇది.

1. ప్రశ్నను బిగించండి

'కార్మిక రంగంలో అసమానత' అంటూ మొదలుపెడితే ఎక్కడా తేలరు. నాలుగు విషయాలు ముందే రాసుకోండి. ఎవరి గురించి? ఏ విధానం? ఎవరితో పోల్చి? ఏ ఫలితం? ఉదాహరణకు, 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 1971లో వచ్చిన కేంద్ర నిబంధనలు, ఒకే రకం పని చేసే ఠేకా కార్మికుడికి సంస్థ సొంత కార్మికుడితో సమానంగా వేతనం ఇవ్వాలన్నాయి. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని 2016లో సుప్రీంకోర్టు పంజాబ్ ప్రభుత్వ ఉద్యోగుల కేసులో చెప్పింది. 'ఇలాంటి నియమాలు ఠేకా కార్మికుల రోజుకూలిని, పనిదినాలను ఎంత మార్చాయి?' అన్నది సమీక్షకు పనికొచ్చే ప్రశ్న. చదవడం మొదలుపెట్టాక ఫలితాలకు అనువుగా ప్రశ్నను మార్చకండి.

2. వెతకండి, వెతికిన తీరు రాయండి

1949లో జంషెడ్‌పూర్‌లోనే పుట్టిన మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ 'మేనేజ్‌మెంట్ అండ్ లేబర్ స్టడీస్' పత్రికను వెలువరిస్తోంది. రైల్వే కార్మికులను కూడగట్టిన మన వి.వి. గిరి పేరు పెట్టుకున్న జాతీయ కార్మిక సంస్థ నోయిడాలో ఉంది. 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' పాత సంచికలు ఎలాగూ తప్పవు. కాంట్రాక్టు, క్యాజువల్, టెంపరరీ, ఔట్‌సోర్సింగ్ అన్న మాటలన్నిటితోనూ వెతకాలి. ఏ రోజు, ఎక్కడ, ఏ మాటతో వెతికారో నమోదు చేయండి. అచ్చుకాని పత్రాలనూ తీసుకోండి. ప్రభావమేమీ లేదని తేలిన అధ్యయనాలు చాలాసార్లు అచ్చుదాకా రావు.

3. జల్లెడ పట్టండి

ఇద్దరు విడివిడిగా చదవాలి. తీసేసిన ప్రతి వ్యాసం పక్కన కారణం రాయాలి. అంకెలు లేవన్న సాకుతో క్షేత్రపరిశోధనలను పారేయకండి. జంషెడ్‌పూర్ కార్మికుల మధ్య పనిచేసి ఆండ్రూ సాంచెజ్ 2016లో తెచ్చిన పుస్తకం, మరో ఉక్కు పట్టణం భిలాయ్ మీద జొనాథన్ ప్యారీ 2020లో తెచ్చిన పుస్తకం పర్మనెంటు, ఠేకా జీవితాలు ఎలా విడిపోతాయో చూపిస్తాయి. ఆ సంగతి గణాంకాల పట్టికలో దొరకదు.

4. ఎవరిని లెక్కించారో చూడండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. పరిశ్రమల వార్షిక సర్వే కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవారిని విడిగా లెక్కిస్తుంది. కానీ దాని పరిధి రిజిస్టరైన ఫ్యాక్టరీల వరకే. ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్‌లో రిజిస్టరు కాని చిన్న షెడ్డు ఉంటే అందులో కనబడదు. 2017-18లో మొదలైన కార్మికశక్తి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) ఇంటింటికీ వెళ్లి అడుగుతుంది కాబట్టి అలాంటి కార్మికులు దానికి అందుతారు.

2004లో బెస్లీ, బర్జెస్ ఒక పత్రం ప్రచురించారు. కార్మికులకు అనుకూలంగా చట్టం సవరించిన రాష్ట్రాల్లో రిజిస్టరైన పరిశ్రమల ఉత్పత్తి, ఉపాధి తగ్గాయని తేల్చారు. ఆ సవరణలు కార్మికులకు అనుకూలమో కాదో వాళ్లు మార్కులు వేసిన పద్ధతే సరికాదని ఆదిత్య భట్టాచార్జీ విమర్శించారు. అధ్యయనాలను పోల్చే మీ పట్టికలో ఈ రెండూ పక్కపక్కనే ఉండాలి.

థోరట్, అట్టెవెల్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థలకు పంపారు. దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. ఆదివాసీ పేర్లను ఆ ప్రయోగం పరీక్షించలేదు. కాబట్టి హో, సంతాల్ యువకుల గురించి దాన్నుంచి తీర్పు తీయకూడదు.

5. కారణాన్ని ఎలా పట్టారో అడగండి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి చెల్లింపులకు స్మార్ట్‌కార్డులు వచ్చినప్పుడు, ఏ మండలాల్లో ముందు ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ చేసిన ఆ అధ్యయనం ప్రకారం పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం పథకం బయటి సంపాదనే. ప్రభుత్వ పని సక్రమంగా దొరికితే ప్రైవేటు కూలి కూడా పెరుగుతుందన్నమాట. ఇది బలమైన సాక్ష్యం. అయితే పల్లె కూలీల మీద తేలినదాన్ని ఉక్కు కర్మాగారానికి నేరుగా అన్వయించకండి. ఆ హద్దు కూడా పట్టికలో రాయండి.

6. కలపండి, ఓట్లు లెక్కించకండి

పది వ్యాసాలు ఔనని, ఆరు కాదని అంటే ఔనన్నదే నిజం కాదు. ఒక్కో విధానానికి మూడు వాక్యాలు రాయండి. ప్రభావం ఎంత, నమ్మకం ఎంత, ఎవరికి అందలేదు.

7. కార్మికుల ముందు చదవండి

రెండు పేజీల సారాంశం హిందీ, సంతాలీ, తెలుగుల్లో తయారుచేసి ఠేకా కార్మికులకు చదివి వినిపించండి. జీతంలో కోతలు, గేట్‌పాస్ రద్దు భయం వంటి విషయాలు వాళ్లు అడిగితే, మీరు ఎంచుకున్న ఫలితాల్లో అవి ఉన్నాయో లేదో తెలుస్తుంది. లేకపోతే ఆ లోటును సమీక్షలోనే ప్రకటించండి.

పర్మనెంటు కార్మికుడికి మేలు చేసిన విధానం ఠేకా కార్మికుడికి ఏం చేసిందో చెప్పని సమీక్షను పూర్తయిందని ఒప్పుకోకండి. అది మీరు రాసినదైనా సరే.